రమ్మన్న మాట

ఆ మంగళవారం ఉదయం విశ్వేశ్వరరావు రెండు టైలు మార్చాడు. మొదట ఎర్రది కట్టుకుని, ఈ రోజుకి ఇది బాగుండదని విప్పేసి, బూడిదరంగుది కట్టుకున్నాడు. కింద వంటింట్లో మీనాక్షి ఉప్మాలోకి జీడిపప్పు వేయిస్తోంది. నవంబరు నెల. కెనడాలోని బ్రాంప్టన్‌లో మంచు ఇంకా గట్టిగా కురవలేదు గాని, వీధిలో ఆగి ఉన్న కార్ల అద్దాల మీద తెల్లగా పొర కట్టింది.

బేస్‌మెంట్ మెట్లెక్కి దేవిశ్రీ వచ్చింది. మీనాక్షి చెల్లెలు శాంత కూతురు. విజయవాడ నుంచి వచ్చి పది నెలలైంది. పగలు ఒక ప్రైవేటు కాలేజీలో కార్ల తయారీ డిప్లొమా, సాయంత్రం గోడౌన్‌లో పార్సిళ్ళు సర్దే షిఫ్టు. పిల్లలు లేని ఆ ఇంట్లో ఆమె అడుగుల చప్పుడు కోసం మీనాక్షి ఎదురుచూస్తూ ఉంటుంది.

“పెదనాన్నా, కో-ఆప్ ట్రైనింగ్‌కి, అదే చదువులో భాగంగా ఫ్యాక్టరీలో చేసేదానికి, ఇంటర్వ్యూ మెయిల్ వచ్చింది,” అంది ప్లేటు అందుకుంటూ. “వచ్చే సోమవారం, మీ ప్లాంట్‌లోనే. మా బ్యాచ్‌లో ఆరుగురికి వచ్చింది.”

“పెదనాన్న పేరు చెప్పావా?” అంది మీనాక్షి నవ్వుతూ.

“ఎక్కడా చెప్పలేదు పెద్దమ్మా. నా మార్కులతోనే వచ్చింది.”

విశ్వేశ్వరరావు గడియారం చూసుకున్నాడు. ఏడున్నర. పది గంటలకు ఆయన రెండువేల మూడువందల మంది ముందు నిలబడి, ఆ ప్లాంట్ మూసేస్తున్నామని చెప్పాలి.

“మంచిదమ్మా,” అన్నాడు. ఉప్మా సగంలో వదిలేసి లేచాడు.

ఆయన బతుకంతా బళ్ళతోనే గడిచింది. విజయవాడ ఆటోనగర్‌లో తండ్రి ఆంజనేయులుకి లారీ ఇంజన్లు విప్పి బిగించే షెడ్డు ఉండేది. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో సెలవులన్నీ అక్కడే. ఎనభై తొమ్మిదిలో ఎం.ఎస్. చదవడానికి మిషిగన్ వెళ్ళి, తర్వాత హాల్‌బ్రూక్ మోటార్స్‌లో బ్రేకులు పరీక్షించే ఇంజనీరుగా చేరాడు. చేరిన రెండో ఏడాది, బయటికి రాబోతున్న ఒక వ్యాను బ్రేకు గొట్టంలో లోపముందని రిపోర్టు రాశాడు. ముగ్గురు పై అధికారులు పిలిచి కోప్పడ్డారు. రాసింది మార్చనన్నాడు. ఆ వ్యాను ఆర్నెల్లు ఆలస్యంగా బయటికి వచ్చింది. యాస సరిగ్గా రాని ఆ కుర్రాడి పేరు కంపెనీలో అందరికీ తెలిసింది.

అక్కణ్ణుంచి ఎక్కుతూనే ఉన్నాడు. ఒహాయో, కెంటకీ, మళ్ళీ మిషిగన్. మీనాక్షి ఏడు ఊళ్ళలో ఏడు ఇళ్ళు సర్దింది. తండ్రి పోయినప్పుడు కొత్త మోడల్ విడుదల నడుమ చిక్కుకుని పదకొండో రోజుకి గాని చేరలేకపోయాడు. ఎక్కేకొద్దీ ఏ మాట ఎప్పుడనాలో, ఏది అసలే అనకూడదో ఒంటపట్టింది. 2018లో వైస్ ప్రెసిడెంట్‌ని చేసి కెనడా ప్లాంట్ అప్పగించేనాటికి, వ్యాను సంగతి ఆయన విందుల్లో చెప్పుకునే కథగా మాత్రమే మిగిలింది. తెలుగు సంఘాలు శాలువాలు కప్పాయి. ఆ ప్రైవేటు కాలేజీ ఆయన్ని సలహాదారుగా పెట్టుకుని బ్రోషర్ మీద ఫోటో వేసింది.

పది గంటల మీటింగ్‌లో ఆయన కాగితం చూసి తొమ్మిది నిమిషాలు చదివాడు. చివర్న, తలుపులు బిగించే లైన్‌లో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్న ఒకావిడ చెయ్యెత్తి, ఇది మీకు ఎప్పటినుంచి తెలుసని అడిగింది. ఆ వివరాలు ఇప్పుడు చెప్పలేనన్నాడు. ఎవరూ అరవలేదు. చేతి తొడుగులు తీసి జేబుల్లో పెట్టుకుని వరసగా బయటికి నడిచారు.

నాలుగింటికి ఇల్లు చేరేసరికి స్టవ్ ఆర్పేసి ఉంది. డైనింగ్ టేబుల్ దగ్గర దేవిశ్రీ ఫోన్ బోర్లించి పెట్టుకుని కూర్చుంది. మీనాక్షి ఆమె కుర్చీ వెనక నిలబడి ఉంది.

“ఇంటర్వ్యూ కాన్సిల్ చేశారట,” అంది మీనాక్షి. “ఎప్పుడు తెలిసింది మీకు?”

“అది బోర్డు నిర్ణయం మీనా. నా చేతుల్లో...”

“ఎవరి నిర్ణయమని నేను అడగలేదు.”

“పోయిన ఏడాది ఏప్రిల్‌లో,” అన్నాడు.

దేవిశ్రీ తలెత్తింది. “ఆ జూలైలోనే మీరు విజయవాడ వచ్చారు. కాలేజీ వాళ్ళు హోటల్లో మీటింగ్ పెట్టారు. చదువు అవగానే మా ప్లాంట్‌లో పనుందని మీరే స్టేజీ మీద చెప్పారు. రెండో వరసలో కూర్చున్నాను నేను.”

“బయటికి చెప్పనని సంతకం పెట్టానమ్మా. నోరు జారితే కేసు పెడతారు. షేర్లతో ముడిపడిన వ్యవహారం, జైలు దాకా పోతుంది.”

“స్టేజీ సంగతి వదిలేయండి. సెప్టెంబర్లో నేను ఫోన్ చేశాను, గుర్తుందా? పాలిటెక్నిక్‌లో లెక్చరర్‌గా ఆర్డరొచ్చింది. పది రోజుల్లో జాయిన్ అవ్వాలి. నాన్న చేరమన్నాడు. నేను మీకు చేసి, చేరమంటారా, రమ్మంటారా అని అడిగాను.”

ఆయనకు గుర్తుంది. ఆ రోజు కారు పార్క్ చేస్తూ స్పీకర్‌లో మాట్లాడాడు. నవ్వుతూ మాట్లాడాడు.

“ప్లాంట్ మూసేస్తున్నారని చెప్పక్కర్లేదు పెదనాన్నా. చేరిపో అంటే చాలు. ఎందుకని కూడా అడిగేదాన్ని కాదు.”

టేబుల్ అంచు పట్టుకుని ఆయన కూర్చున్నాడు. సంతకమే తన నోరు కట్టేసిందని ఏడాదిన్నరగా నమ్ముతూ వచ్చాడు. చేరిపోమ్మా అనొద్దని ఏ కాగితంలోనూ రాసి లేదు.

“ఎందుకు రమ్మన్నారు?” అని మీనాక్షి అడిగింది. గొంతు పెంచలేదు.

“పరిస్థితి మారుతుందేమోనని...” అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ముప్ఫై ఏళ్ళ అలవాటు అది. “కాదు. అబద్ధం. మారదని నాకు తెలుసు. దేవి అడిగేసరికి ఎప్పుడూ అనే మాటే వచ్చేసింది. రామ్మా, నేనున్నాను అని. వద్దంటే, ఇక నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. అది చేతకాలేదు.”

దేవిశ్రీ లేచి కోటు తొడుక్కుంది. “షిఫ్టుకి టైమైంది పెద్దమ్మా,” అని బస్సు కోసం వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మీనాక్షి వండింది, వడ్డించింది, ఆయనతో మాట్లాడలేదు. డిసెంబరు రెండో వారంలో హెడ్డాఫీసు నుంచి ఆయనకే వీడియో కాల్ వచ్చింది. ఎప్పుడూ చూడని ఒక హెచ్ఆర్ అమ్మాయి, మీ సేవలకు కృతజ్ఞతలు, ఈ రోజే మీ ఆఖరి పనిదినం అంది. పదకొండు నిమిషాల్లో అయిపోయింది. లాప్‌టాప్ రిసెప్షన్‌లో ఇచ్చేసి, పార్కింగ్‌లో కారులో కూర్చున్నాడు. వీళ్ళకు నెలల ముందే తెలిసుంటుంది, ఒక్క మాట చెబితే ఏం పోయింది అని మండిపడ్డాడు. అనుకున్న మరుక్షణమే ఆ మాట తనకే తగిలి, తాళంచెవి తిప్పే ఓపిక కూడా లేకపోయింది.

దేవిశ్రీ మాత్రం ఆగలేదు. చదువు పూర్తి చేసి వర్క్ పర్మిట్‌కి అప్లై చేసింది. స్నేహితురాలు చరిత పడమటి కెనడాలో రెజైనా అనే ఊళ్ళో ఉంటోంది. అక్కడ పొలం యంత్రాలు బాగుచేసే వర్క్‌షాప్‌లో దేవిశ్రీని తీసుకుంటామన్నారు. జీతం తక్కువ, చలి ఎక్కువ. పర్మిట్ ఎన్నాళ్ళిస్తారో ఎవరికీ తెలియదు. జనవరి మొదటి వారానికి టికెట్ తీసుకుంది.

ఆమె వెళ్ళడానికి మూడు రోజుల ముందు, ఒక ఉదయం, విశ్వేశ్వరరావు విజయవాడలో ఉన్న తోడల్లుడు కోదండరామ్‌కి ఫోన్ చేశాడు.

“అన్నయ్యా, బాగున్నారా? మీ ఉద్యోగం కూడా పోయిందట, విని చాలా బాధేసింది,” అన్నాడు కోదండరామ్. “అయినా అమ్మాయి కోసం మీరెంత తిరిగారో చెప్పింది. రెజైనాలో పని కూడా మీరే చూశారట. మీరుండబట్టి గట్టెక్కింది.”

విశ్వేశ్వరరావుకి అర్థమైంది. తనను ఆ పిల్ల కాపాడుతోంది. ఆ కాపుదల కింద ఇంకొక్క నిమిషం కూడా ఉండలేననిపించింది. మొత్తం చెప్పేశాడు, ఏప్రిల్, జూలై, సెప్టెంబరు, ఫోన్లో తనన్న మాట. అవతల వెనక నుంచి శాంత, “ఏమంటున్నారండీ బావగారు?” అని అడగడం వినిపించింది. ఫోన్ కట్ అయింది.

ఎయిర్‌పోర్టుకి తనే దింపుతానన్నాడు. దేవిశ్రీ వద్దనలేదు. దారి సగమయ్యాక ఆమే మాట్లాడింది.

“నాన్న ఫోన్ చేశాడు. అమ్మ రెండు రోజులుగా అన్నం ముట్టట్లేదట.”

“నువ్వు నా కోసం అబద్ధమాడటం భరించలేకపోయానమ్మా.”

“మీ కోసమనుకున్నారా?” ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూనే అంది. “తన అక్క ఇల్లుందన్న ధైర్యంతో మా అమ్మ నన్ను పంపింది. ఆ ధైర్యం పోతే నేనెక్కడున్నా ఆవిడకి నిద్ర పట్టదు. అందుకు దాచాను. చెప్పేస్తే మీకు తేలికవుతుందనిపించింది, చెప్పేశారు. నన్ను ఒక్క మాట అడగలేదు.”

ఆయన కారు వేగం తగ్గించాడు. చెప్పాల్సినప్పుడు చెప్పని మాటా, ఇప్పుడు చెప్పిన మాటా, రెండూ తన కోసమే. ఎవరి మీద పడుతుందో ఒక్కసారీ చూడలేదు.

డిపార్చర్స్ దగ్గర సూట్‌కేసులు దింపి నిలబడ్డాడు. క్షమించమని అడగలేదు.

“నాకింకా కోపంగానే ఉంది పెదనాన్నా. ఎన్నాళ్ళుంటుందో తెలియదు,” అంది దేవిశ్రీ. “దిగాక పెద్దమ్మకి ఫోన్ చేస్తాను. మీరు మాత్రం విజయవాడ వెళ్ళండి. ఫోన్లు కాదు. అమ్మ ముందు కూర్చోండి. ఏమన్నా అననివ్వండి. మధ్యలో సర్దిచెప్పకండి.”

“వెళ్తానమ్మా.”

ఆమె తలూపి లోపలికి వెళ్ళిపోయింది. వెనక్కి తిరుగుతుందేమోనని, వెనక కార్ల వాళ్ళు హారన్ కొట్టేదాకా నిలబడ్డాడు. తిరగలేదు.

ఇంటికి వచ్చేసరికి మీనాక్షి బేస్‌మెంట్‌లో ఉంది. ఖాళీ మంచం మీది దుప్పటి తీసి మడత పెడుతోంది.

“ఎక్కిందా?” అని అడిగింది, వారాల తర్వాత.

“ఎక్కింది.”

“ఏమంది?”

మెట్ల మీదే కూర్చుని కారులో జరిగినదంతా చెప్పాడు. ఈసారి తనకు అనుకూలంగా ఒక్క ముక్క కలపలేదు. చెబుతూ చెబుతూ, “వద్దమ్మా అంటే సరిపోయేది మీనా,” అన్నాడు. తండ్రి పోయినప్పుడు కూడా ఏడవని మనిషి మొహం చేతుల్లో దాచుకుని, వెక్కివెక్కి ఏడ్చాడు.

మీనాక్షి దుప్పటి పక్కన పెట్టి వచ్చి ఆయన కింది మెట్టు మీద కూర్చుంది. ఆమె కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి.

“రెండు టికెట్లు తీయండి,” అంది.

“నువ్వూ వస్తావా?”

“అది నా చెల్లెలు. మీకోసం అనుకోకండి.” కొంగుతో మొహం తుడుచుకుని, ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. “ఏడ్చేదేదో ఇక్కడే ఏడవండి. అక్కడికెళ్ళాక మీరు ఏడవకూడదు. అక్కడ శాంత ఏడుస్తుంది. మనం వినాలి.”