ఇకపై చిదంబరం గారు చూస్తారు

నాచారంలో ఆడిటర్ రామచంద్రరావు గారి ఆఫీసులో క్లయింట్ల వివరాలు, ఫోన్లు రాసిపెట్టే సీఆర్ఎం సాఫ్ట్‌వేర్ పెట్టిన వారమే క్లయింటు బిక్షపతి గొడవకొచ్చాడు. ఇండస్ట్రియల్ ఏరియాలో లేత్ మిషన్ల షాపు అతనిది. బిల్లులు ఇవ్వడానికి వచ్చి, అక్కడ తన లెక్కలు చూసే తారామణి కంప్యూటర్‌లోకి తొంగిచూస్తే, తన పేరు పక్కన 'కోల్డ్' అని ఉంది.

"ఏంది మేడమ్, నేనేమన్న ఫ్రిజ్జుల పెట్టిన పెరుగునా?"

ఫోన్ ఎత్తని క్లయింట్లను సాఫ్ట్‌వేర్ అలాగే అంటుందని తారామణి చెప్పింది. ఆ రోజు నుంచి అతను మొదటి రింగుకే ఎత్తడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకు తానే చేయసాగాడు. ప్రతి ఫోనులో ఏం మాట్లాడారో అందులో రాయాలని సారు రూలు. తారామణి 'వ్యాట్ గురించి' అని రాసేది. వ్యాట్ గురించి అంతసేపు ప్రభుత్వం కూడా మాట్లాడి ఉండదు.

ఒక వాన సాయంత్రం, ఆఫీసు మెట్ల మీద చినుకులు ఆగేదాకా నిలబడ్డప్పుడు, బిక్షపతి చేతిలోని హెల్మెట్‌నే చూస్తూ అడిగాడు.

"ఆదివారం మా అమ్మను మీ ఇంటికి తోల్కొని రానా?"

"రేపు జెప్త" అంది తారామణి.

మనసు అప్పుడే ఒప్పుకుంది. నోటికే అడ్డం. సొంత క్లయింట్లతో పని వరకే ఉండాలి, మీరితే ఉద్యోగం ఉండదని సారు ముందే చెప్పారు. ఇల్లు నడిచేది ఆమె జీతంతోనే. అందుకని మర్నాడు రాగానే తెలివిగా ఒక పని చేసింది. సాఫ్ట్‌వేర్‌లో బిక్షపతిని తన పేరు నుంచి తీసి, సీనియర్ చిదంబరం గారి పేరుకు మార్చింది. ఇక అతను తన క్లయింటు కాడు, భయం లేదు. అతను ఫోన్ చేయగానే రమ్మందామని కూర్చుంది. తానే చేసి రమ్మంటే ఏం బాగుంటుంది?

అతను చేయలేదు. ఆదివారం వాళ్ళింట్లో సోఫా కవర్లు మారాయి. ఎందుకో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎవరూ రాలేదు. పంతం ఆమెకూ ఉంది మరి. ఆమె కూడా చేయలేదు.

చలికాలంలో ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడితే, పక్కనే బిక్షపతి బండి ఆగింది.

"మల్ల ఫోనే జెయ్యలే మీరు" అంది తారామణి. నవ్వుతూ అనాలనుకుంది, కుదరలేదు.

"మెసేజ్ వచ్చింది గద మేడమ్. తారామణి గారు తప్పుకున్నరు, ఇగ మీది చిదంబరం గారు చూస్తరని. గంత సాఫ్‌గ జెప్పినంక ఫోనెందుకు?"

పేరు మార్చగానే ఆ సాఫ్ట్‌వేర్ తనంతట తానే క్లయింటుకు కబురు పెడుతుందని ఆమెకు ఇప్పుడే తెలిసింది. చెప్పబోయింది. హ్యాండిల్ మీద అతని వేలికి కొత్త ఉంగరం కనిపించింది.

బోడుప్పల్ సంబంధమని, మొన్ననే ఖాయమైందని అడక్కుండానే చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఒక్క మాట జెప్పున్రి. ఆ మెసేజ్ మీరే పంపిన్రా?"

కాదంటే ఉంగరం తీసేసేలా ఉన్నాడు. బోడుప్పల్లో ఎవరో పిల్ల తన వేలి ఉంగరాన్ని తిప్పి తిప్పి చూసుకుంటూ ఉంటుంది.

"నేనే" అంది తారామణి. "మొఖం మీద జెప్పలేక."

అతను తలూపి బండి స్టార్ట్ చేశాడు. అద్దంలో చూస్తాడేమోనని, బండి మలుపు తిరిగేదాకా ఆమె నవ్వు మొహంతోనే నిలబడింది.