ఊరుకుంటే ఒప్పుకున్నట్టే

పోలరాజు పెదవి కదపకుండానే భార్యను తిట్టాడు. "ఒలే నూకాలూ, సారులో సంద్రం మొత్తం పోసీసినావేటే?" అన్న బొంగురు గొంతు గోడమీది గణనిలోంచి వచ్చింది. నూకరత్నం గిన్నె తీయలేదు సరికదా, అతని నోట్లో ఇంకో చెంచా చారు పోసింది.

"తాగు. తిట్టడానికైనా ఒంట్లో సత్తువుండాల గదేటి" అంది.

పక్షవాతం అతని కాళ్లూ చేతులూ మాటా ఒకేసారి పట్టుకుపోయింది. ఒకప్పుడు రేవులో చేపల వేలంపాట పాడిన మనిషి. కంపెనీవాళ్లు నుదుటికి మాటపట్టీ కట్టారు. మనసులో అనుకున్న మాటను పట్టీ అందుకుంటే, ఇంటిగణని పైకి పలుకుతుంది. మొదట్లో అన్నీ చిలకపలుకులే. ఏళ్ల తరబడి అతనితో వేగి వేగి అతని యాస, వెటకారం, బూతులు, దగ్గాల్సిన చోట దగ్గుతో సహా నేర్చుకుంది. ఇలాంటి పట్టీలు వచ్చాక ఊళ్లో మూగవాడంటూ ఎవరూ మిగల్లేదు.

ఒక్కటే పీడ. గణనిని నడిపే మూలతంత్రానికి కంపెనీ కొత్త కూర్పు పంపినప్పుడల్లా ఆ కబురు కూడా అతని గొంతుతోనే చెప్పేది. అన్నగారి పెద్దకర్మకు పోలరాజును గణని పలుకుపెట్టెతో సహా కుర్చీలో మోసుకెళ్లారు. బంధువులు తలో మాటా చెబుతుండగా అతని వంతు వచ్చింది. "మా అన్న నన్ను బుజాలమీదెట్టుకుని..." అంటూ గొంతు జీరపోయింది. అదే జీరతో, "మూలతంత్రానికి కొత్త కూర్పు సిద్ధంగా ఉంది. ఇప్పుడు అమర్చమంటారా, తరవాతా?" అని గణని అడిగింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. వదినె ముఖం పక్కకు తిప్పుకుంది. పోలరాజు సిగ్గుతో చచ్చిపోయాడు.

ఇంటికి రాగానే, "దాని నోరు మూయించీయే" అన్నాడు.

నూకరత్నం తెరమీద వెతగ్గా వెతగ్గా 'కబుర్లు చెప్పవద్దు' అన్న మీట కనిపించింది. నొక్కబోయి ఆగింది. "మరి మనం జవాబు సెప్పకపోతే ఏటవుద్దో?"

"ఏటీ అవదు. పాటలో నోరిప్పనోడికి సేపల తట్ట అంటగడతారేటి?"

ఆమెకూ సబబుగానే తోచింది. ఇద్దరూ రేవులో పుట్టి పెరిగినవాళ్లే. అక్కడ ధర పలికినవాడిదే సరుకు, ఊరుకున్నవాడి జోలికి ఎవరూ రారు. మీట నొక్కేసింది. వానాకాలమంతా అతను తిడుతూనే ఉన్నాడు, ఆమె హాయిగా పడుతూనే ఉంది.

వానలు వెనకబట్టాక ఒక ఉదయం అతని తల దువ్వుతుంటే చిక్కు పడి జుట్టు గట్టిగా లాగినట్టయింది. ఆమె తిట్టుకోసం ఎదురుచూసింది.

"మీ సేవకు ధన్యవాదాలు. నాకు చాలా సౌఖ్యంగా ఉంది" అంది గణని. గొంతు నున్నగా ఉంది. అది ఎవరి గొంతైనా కావచ్చు.

వేళాకోళమనుకుని నవ్వింది. "ఏటయ్యోయ్, కొత్తగా బళ్లో సేరినావేటి?"

"మీ హాస్యం ఎంతో ఆనందాన్నిచ్చింది."

అతని కళ్లు మాత్రం నవ్వడం లేదు. బెదిరిపోయి ఆమెకేసే చూస్తున్నాయి. నుదుటి నరం ఉబ్బింది. అది ఎంత ఉబ్బితే గణని అంత మెత్తగా మాట్లాడింది.

నూకరత్నం పిలిస్తే, కంపెనీ సహాయకేంద్రం నుంచి వినీల అనే అమ్మాయి తెరమీదికి వచ్చింది. "కొత్త కూర్పు దానంతటదే చేరిందండి. ఇళ్లలో తగాదాలు తగ్గాలని పరుషమైన మాటనీ, ఎదుటివారికి బాధ కలిగించే మాటనీ మార్చి చెబుతుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా."

"మేం ఒప్పుకోలేదమ్మా."

"పాత మాటతీరు ఉంచమంటారా అని చాలాసార్లు అడిగామండి. ఆ కబుర్లు మీరే ఆపేశారు. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే మాకు లెక్క. పాతది చెరిగిపోయింది."

"పోనీ, మళ్లీ మొదట్నించీ నేర్పుకుంటాం."

"ఇది నేర్చుకోదండి. అందరికీ ఒకటే గొంతు." ఆ అమ్మాయి తల దించుకుంది. "నా చేతిలో ఏమీ లేదమ్మా."

ఆగింది కబురే గాని, కబురు వెనక రావాల్సింది కాదు. కుక్క మొరుగుతోందని దాని మూతి కట్టేస్తే దొంగ రావడం మానతాడా? నూకరత్నానికి ఆ మీట నొక్కిన వేలు నరుక్కోవాలనిపించింది.

మంచం పక్కన కూలబడింది. "నానే నొక్కీసినానయ్యా. నీకు కట్టంగుందా? నిజం సెప్పు."

అతని కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. "నేను ఎంతో సంతోషంగా ఉన్నాను. దిగులు పడకండి" అంది గణని.

"ఇది తీసీమంటావేటి? తీసెత్తే మరింక ఈ జన్మకి మాటుండదు. తీసీమంటే కళ్లు మూయి."

అతను కళ్లు మూశాడు. "దయచేసి తీయవద్దు. నాకు ఇదే బాగుంది" అంది గణని. ఆమె మళ్లీ అడిగింది. కనుబొమలు ముడిపడేలా, బిగించి మూశాడు. ఆమె పట్టీ విప్పింది. గణని మాట మధ్యలోనే ఆగిపోయింది.

అతను కళ్లు తెరిచి ఆమెవైపే చూశాడు. కళ్లతోనే ఏదో చెబుతున్నాడు.

"ఆకలా?" కళ్లు మూయలేదు. "దప్పికా? నామీద కోపమా? మీ అన్న గురుతొచ్చినాడా?" కళ్లు మూయలేదు. పొద్దు వాలేదాకా ఆమె తనకు తోచినవన్నీ అడిగింది. అతను చెప్పాలనుకున్నది వాటిలో లేదు.