రోకే గారి కుక్క చెవి

ఆ శనివారం మా ఇంట్లో ఉన్నవాళ్ళు: అమ్మమ్మ, కసిల్డా పిన్ని, నేను, ఒక కుక్క. అమ్మా నాన్నా గొర్రెల్ని తోలుకుని ఎగువ మేతకు పోయారు కాబట్టి వాళ్ళు లెక్కలోకి రారు. కుక్క చెక్కది. పునీత రోకే గారిది. మామూలుగా కొండమీది గుడిలో ఆయన కాళ్ళ దగ్గర, నోట్లో రొట్టె పట్టుకుని కూర్చుంటుంది. వారం రోజులుగా మాత్రం మా వంటింటి బల్ల మీద, ఉల్లిపాయల పక్కన, తలకు గుడ్డ కట్టుకుని కూర్చుంది. దాని ఎడమ చెవి ఊడిపోయింది.

గోడకు మేకు మీద వేలాడే గుడి తాళంచెవిని కూడా మనుషుల్లో కలపాలంటుంది అమ్మమ్మ. నా ముంజేయంత ఇనుప తాళంచెవి అది. నాలుగు తరాలుగా మా ఇంట్లోనే ఉంటోంది. దానికి సూప్ మాత్రం వడ్డించదు.

గుడి చూడాలనుకున్నవాళ్ళు ఎవరైనా మా గుమ్మానికే రావాలి. అందుకే మా తలుపు పగలు మూయరు. అది రెండు ముక్కల తలుపు. కోళ్ళు లోపలికి రాకుండా కింది రెక్క వేస్తారు, పై రెక్క తెరిచే ఉంటుంది. తాతయ్య పోయిన రోజున కూడా తెరిచే ఉంది. ఆ రోజు ఎవరో ఇద్దరు జర్మన్లు వచ్చి గుడి చూస్తామంటే, అమ్మమ్మ ఏడుస్తూనే వెళ్ళి చూపించి వచ్చింది. వాళ్ళు ఫొటోలు కూడా తీసుకున్నారట.

ఇక కుక్క చెవి సంగతి. దానికి కారణం గాస్పర్.

గాస్పర్ పట్నం వాళ్ళకు మా కొండల్లో సైకిళ్ళ మీద దారి చూపిస్తాడు. లావుపాటి టైర్ల సైకిళ్ళు, రంగురంగుల హెల్మెట్లు. ఓక్ చెట్ల మధ్య రాళ్ళదారిలో దడదడమంటూ దిగడం, పాత వంతెన దగ్గర ఆగడం, మా కొండగుడి గోడ మీద బొమ్మలు చూడటం, ఫెర్మిన్ బార్‌లో పొర్రోం అనే ముక్కుపొడుగు గాజు జగ్గు ఎత్తి వైన్ తాగుతూ సగం చొక్కా మీద పోసుకోవడం. ఇదీ వాళ్ళ కార్యక్రమం. గుడి గోడ మీద దయ్యం ఒక బిషప్పుని తలకిందులుగా మింగుతూ ఉంటుంది. అందరికీ అదే నచ్చుతుంది. గుడి ఫాదర్ ప్లాసిదోకి తప్ప.

ఏప్రిల్లో మొదటిసారి వచ్చినప్పుడు గాస్పర్ బ్రేకులు పడక మా పిన్ని రొట్టెల వ్యాన్‌లోకి దూరిపోయాడు. నిజంగానే దూరిపోయాడు. వెనక తలుపులు తీసి ఉన్నాయి. ముందు చక్రం రొట్టెల బుట్టలో ఆగింది. పిన్నికి ముప్పై ఒకటి. రోజూ పొద్దున్నే తొమ్మిది ఊళ్ళకు రొట్టెలు వేస్తుంది. తొమ్మిది ఊళ్ళూ ఆమె నోటికి జడుస్తాయి.

"కళ్ళెక్కడ పెట్టుకున్నారు?" అంది పిన్ని.

"హెల్మెట్ కింద."

"మెదడు కూడా అక్కడే పెట్టుకోవాల్సింది."

"ఖాళీ లేదండీ. నిండా రొట్టె పిండే," అన్నాడు, జుట్టు దులుపుకుంటూ.

అప్పటినుంచి ప్రతి శనివారం వచ్చేవాడు. మా తాళంచెవి మా ఇంటి మనిషి చేతిలో తప్ప ఊరు దాటదు, కాబట్టి పిన్ని కూడా కొండెక్కాలి. తాతయ్య పాత సైకిల్ తోసుకుంటూ వెళ్ళేది. పన్నెండు గేర్ల సైకిలున్న గాస్పర్ కూడా దిగి, పక్కనే తోసుకుంటూ నడిచేవాడు.

"మీరు ఎక్కి పోవచ్చుగా?" అనేది పిన్ని.

"దీనికి ఆయాసమండీ. డాక్టరు ఎత్తులు ఎక్కొద్దన్నాడు."

నేను వెనకాలే వెళ్ళేదాన్ని. నేను ఎక్కువగా మాట్లాడను. మాట్లాడనివాళ్ళకు చెవులు కూడా ఉండవని జనం అనుకుంటారు. నా ముందు ఏదైనా అనేస్తారు.

పోయిన శనివారం గాస్పర్ బిషప్పుని మింగే దయ్యాన్ని చూపిస్తూ, "ఇటు చూడండి," అని గట్టిగా చెయ్యి విసిరాడు. చేతిలో హెల్మెట్ ఉంది. టప్‌మని కుక్క చెవి వెళ్ళి గుడి గుమ్మం పక్కనున్న పవిత్రజలం తొట్టిలో పడింది. రోకే గారి పండగకి అప్పటికి ఇంకా తొమ్మిది రోజులు. ఆ రోజు కుక్కను ఊరంతా ఊరేగిస్తారు. ఒంటిచెవి కుక్క ఊరేగితే పక్క ఊరి వాళ్ళు వందేళ్ళు నవ్వుతారు.

"ఇంకోసారి తాళంచెవి కోసం మా గుమ్మం తొక్కొద్దు," అంది పిన్ని.

అయినా ఈ శనివారం పొద్దున ఎందుకో జుట్టు రెండుసార్లు దువ్వుకుంది. రొట్టెల వ్యాన్ కూడా కడిగింది. 

పదకొండింటికి గాస్పర్ వచ్చాడు. వెనకాల ఏడుగురు. ఒళ్ళంతా దుమ్ము. అందరూ వెనకవైపు మెత్త కుట్టిన బిగుతు నిక్కర్లు వేసుకున్నారు.

అమ్మమ్మ తలుపు మీదుగా వంగి చూసింది. "ఇంత వయసొచ్చి వీళ్ళకి డైపర్లేంటే?"

"అమ్మా, నెమ్మదిగా!"

"నెమ్మదిగానే అన్నాను. ఆ చివరాయనది తడిసింది కూడా."

"చెమటండీ," అన్నాడు చివరాయన.

గాస్పర్ హెల్మెట్ తీసి ఛాతీకి ఆనించుకున్నాడు. ఈసారి రెండు చేతులతో, జాగ్రత్తగా. "కసిల్డా గారూ, కుక్క ఎలా ఉంది?"

"ప్రాణాలతో ఉంది. మీరు రాకపోతే ఇంకా బాగుండేది."

"తాళంచెవి..."

"కుక్క లేకుండా గుడి తెరవను."

అతను కాసేపు కాళ్ళవైపు చూశాడు. "మా వాళ్ళు ఒక మాటన్నారండీ. కొండగుడి తెరవకపోతే వచ్చే శనివారం నుంచి దారి మార్చేస్తారట. అవతలి లోయకి. అక్కడ వైన్ నేలమాళిగలు ఉన్నాయి. నేనిక ఇటు రాను."

 పిన్ని ముఖంలో ఏమీ కనిపించలేదు. చేతిలో జిగురు గరిట మాత్రం ఆగిపోయింది.

"వెళ్ళండి," అంది. "ఆ లోయ చల్లగా ఉంటుంది. కుక్కలు కూడా తక్కువ."

అని లోపలికి వెళ్ళి చెవి అతికించడం మొదలుపెట్టింది. వెనక్కి తిప్పి అతికించింది. అమ్మమ్మ చూసి, "అది వెనక నుంచి వచ్చే మాటలు వింటుందా?" అంది. పిన్ని జిగురు ఆరకముందే పీకి మళ్ళీ మొదలుపెట్టింది. చెప్పులు కుట్టేవాడి దగ్గర తెచ్చిన జిగురు అది. ఒకసారి ఆరి అంటుకుంటే వదలదు.

నేను కూరగాయలు కడగాలని ఊరి తొట్టి దగ్గరికి వెళ్ళాను. పశువులు నీళ్ళు తాగే రాతి తొట్టి. గాస్పర్ అక్కడ సీసాలు నింపుకుంటున్నాడు. మిగతావాళ్ళు బార్‌కి వెళ్ళిపోయారు, అతనొక్కడే. ఒక సీసా నిండి పొంగి చెప్పుల మీద పోతున్నా చూసుకోవడం లేదు.

"నూరియా," అన్నాడు. "మీ పిన్ని కోపం పోవాలంటే ఏం చెయ్యాలి?"

అతను నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. నా చెవులు వేడెక్కాయి. మామూలుగా అయితే క్యారెట్లు పట్టుకుని పారిపోయేదాన్ని. కానీ ఇవాళ నేను పారిపోతే ఇతను కూడా పోతాడు.

"మా ఊరి బ్రహ్మచారులకు ఒక కూజా వైన్ పోయించండి," అన్నాను.

"ఎందుకు?"

"అంటే... తప్పు చేసినవాళ్ళు మా ఊళ్ళో అలా పోయిస్తారు. కుక్క చెవికి అది సరిపోతుంది."

అది పచ్చి అబద్ధం.

గాస్పర్ నన్నే చూశాడు. హెల్మెట్ పట్టీ పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఒక్క కూజానేనా?"

"ఒక్కటే."

"నయమే," అని సైకిలెక్కి బార్ వైపు పోయాడు. సీసాలు మర్చిపోయాడు.

అసలు సంగతి ఏంటంటే, మా ఊళ్ళో ఆ కూజా తప్పు చేసినవాళ్ళు పోయించేది కాదు. బయటి ఊరి మగాడు మా ఊరి అమ్మాయి మీద మనసు పడితే, ఊరి బ్రహ్మచారులకు కూజా వైన్ పోయించాలి. పోయించాడంటే ఊరందరి ముందూ చెప్పుకున్నట్టే. పోయించకుండా అమ్మాయి వెనక తిరిగితే, కాళ్ళూ చేతులూ పట్టుకుని తొట్టిలో పడేస్తారు. నేను పుట్టకముందు ఎప్పుడో పోయించిన కూజాయే చివరిది. ఎందుకంటే మా ఊళ్ళో మిగిలింది ముప్పై ఎనిమిది మంది. బ్రహ్మచారులు ముగ్గురు. వాళ్ళలో చిన్నవాడు, బార్ నడిపే ఫెర్మిన్, అరవై మూడేళ్ళ వాడు. తాత అంటే ఊరుకోడు. "పెళ్ళి కావాల్సినవాణ్ణి," అంటాడు.

అరగంటలో చప్పుడు వినిపించింది. ఎవరో మూకుడు మీద గరిటతో కొడుతున్నారు.

ముగ్గురూ వరసగా వస్తున్నారు. ముందు ఫెర్మిన్ నెత్తిన కూజా. వెనక సిప్రియానో మూకుడు. ఆ వెనక అబుందియో, చేతికర్ర, మోకాలి నొప్పి. వాళ్ళ వెనక ఏడుగురు సైకిళ్ళవాళ్ళు ఫోన్లు పట్టుకుని. అన్నింటికన్నా వెనక గాస్పర్, సైకిల్ తోసుకుంటూ.

"ఇది కూడా కార్యక్రమంలో ఉందా?" అని ఒకావిడ అడుగుతోంది. "ఎంత అసలైన ఆచారమో!"

ఫెర్మిన్ మా గుమ్మం ముందు ఆగి గొంతు సవరించుకున్నాడు. "ఏలాడియా వదినా! ఊరి కుర్రాళ్ళ తరఫున చెబుతున్నాం..."

"ఏ కుర్రాళ్ళు?" అంది అమ్మమ్మ, అటూ ఇటూ చూసి.

"మేమే! గాస్పర్ అనే పరాయి ఊరివాడు మీ కసిల్డా కోసం కూజా పోయించాడు. మేం తాగాం. బాగానే ఉంది. మాకు అభ్యంతరం లేదు."

సైకిళ్ళవాళ్ళు చప్పట్లు కొట్టారు. డైపరాయన ఈల కూడా వేశాడు.

పిన్ని బయటికొచ్చింది. వేళ్ళ నిండా జిగురు. ముఖం మిరపకాయ రంగు.

"కోసమా? నా కోసమా? నేనేం కొట్లో బిస్కత్తునా, వైన్ పోస్తే ఇచ్చెయ్యడానికి?"

"ఇవ్వడం కాదమ్మాయ్, చెప్పడం," అన్నాడు అబుందియో. "ఇచ్చేది నీ ఇష్టం. మేమిక తొట్టిలో పడెయ్యం, అంతే."

"నా మోకాలికి అది కుదరదు కూడా," అని సణిగాడు తర్వాత.

పిన్ని గుంపుని తోసుకుంటూ పోయి, గాస్పర్ చొక్కా చెయ్యి పట్టుకుని, మా గుమ్మం లోపలికి లాక్కొచ్చింది. అతని సైకిల్ కోళ్ళ మీద పడింది. నేను బయటే, కింది రెక్క మీద మోచేతులు ఆనించి నిలబడ్డాను. కోళ్ళను అదిలిస్తున్నట్టు.

"మీకు తెలీదు," అంది పిన్ని. గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది. "వీళ్ళు మిమ్మల్ని మోసం చేశారు. ఆ కూజా అంటే ఏంటో మీకు తెలీదు. అది తెలీక చేసింది కాబట్టి లెక్కలోకి రాదు. ఊరికి నేను చెప్పుకుంటాను. మీరు లోయ దారిన వెళ్ళిపోండి. ఎవరూ మిమ్మల్ని ఏమీ అనరు."

"వీళ్ళు చెప్పలేదు. నూరియా చెప్పింది."

పిన్ని తల నావైపు తిరిగింది. నేను ఒక కోడిని చాలా శ్రద్ధగా చూశాను.

"కుక్క చెవికి పరిహారం అని చెప్పింది," అన్నాడు గాస్పర్. "మీ అక్క కూతురికి అబద్ధం చెప్పడం రాదండీ. చెబుతూ చెబుతూ చేతిలో క్యారెట్‌ని రెండు ముక్కలు చేసేసింది."

"అయితే?"

"నేను పుట్టింది ఎక్కడో మీరెప్పుడూ అడగలేదు. సైకిల్ మీద వచ్చాను కాబట్టి పట్నం అనుకున్నారు. మాది కాన్యలోబా. ఈ కొండకి అవతలి పక్క."

పిన్ని చెయ్యి ఇంకా అతని చొక్కా మీదే ఉంది.

"మా ఊళ్ళో రెండు కూజాలు," అన్నాడు. "ఒక్కటే చాలంటే నమ్మలేకపోయాను. ఏప్రిల్ నుంచి అడుగుదామనే అనుకుంటున్నాను, మీ ఊళ్ళో ఆచారం ఉందా లేదా అని. ఫెర్మిన్ గారిని అడిగితే సాయంత్రానికల్లా రోకే గారి కుక్కకు కూడా తెలిసిపోతుంది. ఇవాళ నూరియా చెప్పగానే బతికాననుకున్నాను."

"తెలిసే పోయించావా?" పిన్ని ‘మీరు’ అనడం మర్చిపోయింది.

"తెలిసే."

"ఊరందరి ముందూ?"

"మూకుడు వాయిస్తారని మాత్రం అనుకోలేదు."

 బయట సైకిళ్ళవాళ్ళు ఊపిరి బిగబట్టారు. సిప్రియానో మూకుడుని కడుపుకి ఆనించుకున్నాడు, మోగకుండా.

"మరి లోయ దారి?" అంది పిన్ని చివరికి.

"ఆ దారి ఇంకెవరైనా చూపిస్తారు. నేను వచ్చే శనివారం ఇక్కడికే వస్తాను. గుడి తెరిచినా, తెరవకపోయినా."

"సైకిల్ మీదా?"

"తోసుకుంటూ."

పిన్ని నవ్వింది. నవ్వుతూ చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. రాలేదు. ఇంకోసారి లాగింది. చొక్కాతో పాటు గాస్పర్ కూడా ఒక అడుగు ముందుకొచ్చాడు.

"వదులుతారా?" అన్నాడు నెమ్మదిగా. అతని చెవులు కూడా ఎర్రగా ఉన్నాయి.

"నేను పట్టుకోలేదు. జిగురు!"

"నాకేం తొందర లేదు."

అమ్మమ్మ లేచింది. తన కుర్చీ తీసుకుంది. కుక్కను చంకన పెట్టుకుంది. ఈసారి చెవి సరిగ్గానే ఉంది. కింది రెక్క తెరుచుకుని బయటికొస్తూ, "వేణ్ణీళ్ళు పోస్తే వదులుతుంది," అంది. "కానీ పొయ్యి ఆరిపోయింది. నేను ఇప్పట్లో వెలిగించను." వచ్చి బ్రహ్మచారుల మధ్య కుర్చీ వేసుకుని, ఫెర్మిన్‌తో, "ఆ కూజాలో ఏమైనా మిగిల్చారా, కుర్రాళ్ళూ?" అంది.

అమ్మమ్మ తెరిచిన కింది రెక్కని నేను మళ్ళీ నెమ్మదిగా దగ్గరికి లాగి, పైన మోచేతులు పెట్టుకున్నాను. ఇంకో అంగుళం ముందుకు వంగాను.

పిన్ని నన్ను చూసింది. కోపంగా కాదు. నేనెప్పుడూ చూడని ముఖంతో.

"నూరియా, మోచేతులు తియ్యి," అంది.

తీశాను. అప్పుడు ఖాళీగా ఉన్న చేత్తో, మా ఇంట్లో పట్టపగలు ఎవరూ ముట్టుకోని ఆ పై రెక్కను పట్టుకుని, నా ముక్కు మీదే వేసేసింది.