మేజోడు తొడుక్కున్న గంట

ఆ ఉదయం అబర్డీన్‌లో ఆకాశం లేదు. సముద్రం మీది మంచు తెల్లవారకముందే రేవు దాటి ఊళ్ళోకి వచ్చి, రాతి ఇళ్ళ మధ్య తిష్ఠ వేసింది. బూడిదరంగు రాయి, బూడిదరంగు మంచు. ఇల్లు ఎక్కడ అయిపోయి మంచు ఎక్కడ మొదలవుతోందో తెలియడం లేదు. ఆకు కదలడం లేదు. సముద్రపు కాకులు పైన ఎక్కడో అరుస్తున్నాయి గాని ఒక్కటీ కంటికి ఆనడం లేదు.

ఆ మంచులోనే రేవు నీళ్ళలోంచి లోగన్‌ను పైకి తీశారు.

ఇన్నెస్ గెడ్డిస్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకే డిపార్టుమెంటులో జోడెద్దుల్లా పనిచేశారు. సీక్రెట్ సర్వీసులో ఇన్నెస్‌కు స్నేహితుడంటూ ఉంటే అతనొక్కడే. శవం మొహం చూడలేదు, చేతులు చూశాడు.

"నీళ్ళలో పడి పోయినవాడికి గోళ్ళు ఊడిపోవు," అన్నాడు.

పై అధికారి మేజర్ ప్రింగిల్ కారు తలుపు తీశాడు. "ఎక్కు."

కారు కదిలింది. మేజర్ రోడ్డు వైపే చూస్తూ మాట్లాడాడు.

"సెల్కీ చమురు ప్లాట్‌ఫారం. సముద్రం అడుగున దాని కాలికి బాంబు కట్టారు. నాలుగు కాళ్ళలో దేనికో తెలీదు. తొమ్మిదింటికి పేలుతుంది."

"మనుషుల్ని దింపెయ్యండి."

"ఈ మంచులో హెలికాప్టర్ లేవదు. పడవల్లోకి దింపుదామంటే, లోగన్‌ను చంపిన ముఠా మనిషి ఒకడు ప్లాట్‌ఫారం మీదే ఉన్నాడు. ఎవడో తెలీదు. హడావుడి కనబడితే వాడే మీట నొక్కేస్తాడు."

"డైవర్లు?"

"నీళ్ళలోనే ఉన్నారు, రోజువారీ పని అన్నట్టు. ఒక్క కాలు చూసేంత వ్యవధే ఉంది. తప్పు కాలైతే అంతే సంగతులు."

సెల్కీ మీద నూట ఎనభై మంది ఉన్నారు. వాళ్ళకు వండిపెట్టేవాడు ఈవన్ గెడ్డిస్. ఇన్నెస్‌కు ఒక్కడే కొడుకు.

"ఆ బాంబు తయారుచేసిన ఇంజనీరే ముఠా నుంచి పారిపోయి వచ్చింది," అన్నాడు మేజర్. "పేరు ఇల్జె. ఫోటో లేదు. నిన్న చేపల పడవలో దిగి, మిస్ రెన్నీ నడిపే బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌లో, రాత్రి బసా పొద్దున టిఫినూ ఇచ్చే ఇంట్లో, గది తీసుకుంది. ఫోన్లో నోరు విప్పదు. కోడ్‌మాట చెప్పినవాడికే చెబుతుంది."

"కోడ్‌మాట లోగన్‌కు తెలుసు."

"తెలుసు."

"గోళ్ళు పీకినవాళ్ళకూ తెలిసే ఉంటుంది."

మేజర్ గేరు మార్చాడు. "మన దగ్గర ఇంకో కోడ్‌మాట లేదయ్యా. ఉన్నా ఆవిడకు చేర్చే దారి లేదు."

కారు ఆగింది. మేజర్ పనివాడి మురికి కోటు, టోపీ, సంచీ, టీ ఫ్లాస్కు ఇన్నెస్ చేతికిచ్చాడు. ఫ్లాస్కులో టీ లేదు, రేడియో ఉంది. మూత తిప్పి మీట నొక్కితే మాట నేరుగా డైవర్లకు చేరుతుంది.

విక్టోరియా రాణి కాలంలో ఎవరో ఓడల షావుకారు కట్టించుకున్న ఇల్లది. అలాంటి ఇంట్లో ఏదో ఒక కిటికీ బిగుసుకుపోకుండా ఉండదు. అందుకే ఆ వేషం.

తలుపు తీసింది మిస్ రెన్నీ. పొట్టి మనిషి, ఏప్రాను మీద ఒక్క ముడత లేదు.

"కిటికీ బాగుచెయ్యడానికి వచ్చానండీ."

"నెల కిందట చెబితే ఇప్పుడా రావడం? టిఫిన్ల వేళ చూసుకుని మరీ వచ్చావ్. బూట్లు తుడుచుకో. అది తుడవడమా? ఇంకోసారి."

వంటింటి గుండా తీసుకెళ్ళింది. గోడ మీద పైన వరసగా ఇత్తడి గంటలు, ఒక్కో దాని కింద ఒక్కో గది పేరు. ఒకప్పుడు గదిలో తాడు లాగితే తీగ గోడల్లోంచి వచ్చి ఇక్కడ గంట మోగించేది, పనిమనిషి పరుగెత్తేది. ఇప్పుడు ప్రతి గంటకూ ఒక ఉన్ని మేజోడు తొడిగి ఉంది.

ఇన్నెస్ అటు చూడటం ఆవిడ చూసింది. "దిగినవాళ్ళకు తాడు కనబడితే చాలు, చెయ్యి ఊరుకోదు. టీ తే, బొగ్గు తే. నేనేమన్నా వాళ్ళ బంట్రోతునా? అన్నిటి నోళ్ళూ మూసేశాను."

చివరి మేజోడు కదులుతోంది. ఒక గుంజు. ఆగింది. మళ్ళీ ఒక గుంజు.

"అదా? పైన పిల్లల గదిది. ఆ గదికి తాళం వేసి ఏళ్ళయింది. గాలికి తీగలు ఊగుతాయి. పొద్దుట్నించీ దాని గోల అదే." గుడ్లు ఉడుకుతున్న గిన్నె కిందికి దించింది. "ఈ ఇంటికివాళ శని పట్టింది. నిన్న ఇద్దరు ఆడవాళ్ళు దిగారు. అందులో ఒకావిడ తెల్లారకుండానే వెళ్ళిపోయిందట. టిఫిన్ తినకుండా! మా అమ్మ కాలం నుంచీ ఈ గడప ఎవరూ పస్తుతో దాటలేదయ్యా."

"ఎవరు చెప్పారు, వెళ్ళిపోయిందని?"

"రెండో ఆవిడే. లోపల తింటోంది. నీ పని కిటికీతో, దొరసానులతో కాదు."

వెళ్ళింది ఎవరు, ఉన్నది ఎవరు? ఇల్జెను ఎత్తుకుపోయి ఉంటే ఈవన్ బతకడు. వెళ్ళింది ముఠా పంపిన మనిషే అయితే ఇంకా ఆశ ఉంది. ఆ ఆశను పట్టుకునే భోజనాల గదిలోకి నడిచాడు.

పెద్ద బల్ల దగ్గర ఒక్కతే కూర్చుంది. నల్లటి జుట్టు, బొచ్చు కాలరు కోటు, మంచులో కూడా మెరిసే పెదాలు. సగం రేవు తలతిప్పి చూసే అందం. ఎదురుగా ఉడికిన గుడ్డును కొన పగలగొట్టి చెంచాతో తోడుకుని తిన్న చిన్న గిన్నె, టోస్టు ముక్కలు. హాల్లో నిలువెత్తు గడియారం టిక్కుమంటోంది.

ఆమె కిటికీ వైపు చూసింది. "ఇచ్చటినుండి సముద్రము కనబడునా?"

"నా చిన్నప్పుడు కనబడేది," అన్నాడు ఇన్నెస్.

"అప్పుడు చెట్లు లేవు కాబోలు."

కోడ్ సరిపోయింది. అక్షరం పొల్లు పోలేదు.

"మీరు ఆలస్యముగా వచ్చినారు," అంది ఆమె. పుస్తకం చదివి నేర్చుకున్న భాష. "నేను మిక్కిలి భయపడితిని. రెండవ స్త్రీ నన్ను గమనించుచుండెను. వేకువన పారిపోయినది."

"బాంబు ఎక్కడ?"

"నైరుతి కాలు. ఎర్ర తీగను కత్తిరింపవలెను. త్వరపడుడు!"

ఇన్నెస్ ఫ్లాస్కు మూత తిప్పాడు. బొటనవేలు మీట మీద పెట్టాడు. హాల్లో గడియారం ముల్లు తొమ్మిదికి దగ్గర పడింది. ఒక్క నొక్కు చాలు, కొడుకు బతుకుతాడు.

అప్పుడు గుడ్డు గిన్నె మీద చూపు పడింది.

ఖాళీ పెంకు బోర్లించి ఉంది. దాని అడుగున చెంచాతో పొడిచిన చిల్లు.

ఇన్నెస్ తండ్రి రైతేగాని తల్లి చేపలవాళ్ళ పిల్ల. గుడ్డు తిని పెంకు అలాగే వదిలేస్తే వీపు పగిలేది. ఆ పెంకులో మంత్రగత్తె ఎక్కి సముద్రం మీదికి పోతుందనీ, మనవాళ్ళ పడవలు ముంచుతుందనీ ఆమె నమ్మకం. అడుగు పొడిస్తే ఆ దోనెలో నీళ్ళెక్కి మంత్రగత్తె ఒడ్డునే ఉండిపోతుంది. ఈ తీరాన పుట్టిన పిల్లలకు అది తిన్నాక చెయ్యి కడుక్కున్నంత అలవాటు. చేసినట్టు వాళ్ళకే తెలియదు.

నిన్ననే ఈ నేల మీద కాలు మోపిన పరదేశి ఆడమనిషికి అది ఎలా తెలుసు?

వంటింట్లో ఊగుతున్న మేజోడు గుర్తొచ్చింది. గాలికి ఊగుతోందట. ఈ ఉదయం ఆకైనా కదలడం లేదు. గాలెక్కడిది?

మీట మీదినుంచి వేలు తీశాడు.

"ఈ రాతి గోడల్లో సిగ్నల్ అందడం లేదు," అన్నాడు. "పై అంతస్తుకు పోవాలి."

ఆమె ఒక్క క్షణం అతన్ని చూసింది. "పోవుదము."

మెట్లెక్కాడు. వెనకాల ఆమె మడమల చప్పుడు. మెట్ల మీది తివాచీ అయిపోయింది, చెక్క మెట్లు మొదలయ్యాయి. చివర చిన్న తలుపు. దాని వెనక ఏదో నేలకు కొట్టుకుంటోంది, ఓపిక లేనట్టు, ఆగి ఆగి.

వెనక చిన్న క్లిక్కు వినబడింది. తిరిగి చూస్తే ఆమె చేతిలో లిప్‌స్టిక్ గొట్టం. దాని మొనలో రంగు లేదు, తుపాకి రంధ్రం ఉంది.

"అక్కడే ఆగవయ్యా." ఇప్పుడు పుస్తకాల భాష లేదు. ఇన్నెస్ తల్లి మాట్లాడిన మాటే. "ఆ ఫ్లాస్కులో నేను చెప్పింది చెప్పెయ్. ఎక్కడ పట్టుకున్నావ్ నన్ను?"

"గుడ్డు."

ఆమెకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమై మొహం పాలిపోయింది. "ఛీ," అంది తనను తానే.

"మీ నాన్న పడవ పేరేంటమ్మా?"

"గ్లీనర్." అనకుండా ఉండలేకపోయింది. "నాన్న, ఇద్దరన్నలు. సముద్రం అడుగునున్న చమురు గొట్టానికి వల చిక్కుకుని ముగ్గురూ పోయారు. కంపెనీవాళ్ళు పూలగుత్తి పంపారు. మా అమ్మ దాన్ని పందులకేసింది. నా బాధ అడిగి విన్నది ఆ పరాయి దేశంవాళ్ళే."

"సెల్కీ మీద వంటవాడు నా కొడుకు."

"అయితే?"

"అయితే ఏం లేదు. వాడు కంపెనీ కాదు. గుడ్డు పెంకు పొడిచే పిల్లాడు, నీలాగే."

ఆమె కళ్ళు చెమర్చాయి, చెయ్యి మాత్రం చెదరలేదు. "చెప్పు ఫ్లాస్కులో. నైరుతి అని చెప్పు."

అప్పుడే మెట్ల కింది నుంచి కేక వచ్చింది.

"నా మేడ మీద పనిబూట్లతోనా! ఎవడు ఎక్కమన్నాడ్రా నిన్ను?" మిస్ రెన్నీ. చేతిలో టిఫిన్ గంట కొట్టే కొయ్య సుత్తి పట్టుకుని రొప్పుతూ ఎక్కుతోంది. "ఆ కిటికీ కింద కదా ఉంది, పైన నీ తాతదా?"

ఆ ఆడమనిషి కళ్ళు ఒక్క రెప్పపాటు అటు మళ్ళాయి. ఇన్నెస్ సంచీ విసిరాడు. అందులో పైకీ కిందికీ జరిగే కిటికీలకు బరువుగా తాళ్ళతో కట్టే ఇనుప గుండ్లున్నాయి. అవి ఆమె మణికట్టుకు తగిలాయి. తుపాకి పైకి పేలింది, సున్నం రాలింది. ఆమె రెండో చెయ్యి కోటు జేబులోకి పోబోయింది. ఏమీ అర్థంకాకపోయినా మిస్ రెన్నీ ఆ చేతి మీద సుత్తితో ఒక్కటిచ్చింది.

"నా పైకప్పుకు చిల్లు పెడతావటే!"

ఇన్నెస్ సంకెళ్ళు వేశాడు. "ఈ గది తాళంచెవి ఇవ్వండి."

"ఏ చెవైనా పడుతుంది. ఈ ఇంటి తాళాలన్నీ ఒకటే," అంటూ ఏప్రానులోంచి ఏదో ఒకటి తీసి ఇచ్చింది. "ఏం జరుగుతోంది నాయనా?"

తలుపు తెరుచుకుంది. కిటికీ చెక్క రెక్కలు మూసిన చీకట్లో ఒక పిల్లల ఇనుప మంచం. దానికి కట్టేసి ఉంది ఒక సన్నటి నడివయసు ఆడమనిషి, నోట్లో గుడ్డ కుక్కి. గోడకున్న గంట తాడు కాలి బొటనవేళ్ళ మధ్య పట్టి ఉంది. వేళ్ళు కోసుకుపోయి నెత్తురు కారుతోంది. రాత్రంతా ఆమె లాగుతూనే ఉంది. కింద గంట మోగలేదు, మేజోడు మాత్రమే ఊగింది.

ఇన్నెస్ గుడ్డ లాగేశాడు. "బాంబు ఎక్కడ? చెప్పమ్మా, తొందరగా!"

ఆమె నాలుక ఎండిపోయింది. అతన్ని చూసి భయంగా తల అడ్డంగా ఊపింది. "ఇచ్చట... నుండి... సముద్రము..."

"అయ్యో, అంత టైము లేదు తల్లీ!"

ఆమె పెదాలు బిగించేసింది. చచ్చినా చెప్పదు. ఇన్నెస్ మోకాళ్ళ మీద కూలబడి, ఆమె కళ్ళలోకి చూస్తూ అన్నాడు. "నా చిన్నప్పుడు కనబడేది."

"అప్పుడు చెట్లు లేవు కాబోలు." ఆమె ఒక్కసారిగా ఏడ్చేసింది. "ఈశాన్యము. తీగలు ముట్టవద్దు. మూతను ఎడమకు త్రిప్పుడు. నీరు లోనికి పోనిండు. నీటితో అది చచ్చును."

ఇన్నెస్ మీట నొక్కి ఆ మాటలే అన్నాడు. రెండుసార్లు అన్నాడు. ఫ్లాస్కు చెవికానించుకుని నిమిషాలు లెక్కపెట్టాడు, అప్పుడు కింద హాల్లో గడియారం తొమ్మిది కొట్టడం మొదలుపెట్టింది.

గంటలు ఒక్కొక్కటే మెట్లెక్కి వస్తున్నట్టున్నాయి. చివరిది కూడా వచ్చింది. దాని మోత అణిగిపోయింది. ఫ్లాస్కు ఏమీ అనలేదు.

ఇన్నెస్ దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. ఈవన్ పుట్టిన రోజు గుర్తొచ్చింది. ఆవేళ కూడా ఇలాగే తలుపు బయట ఏ కబురూ లేక కూర్చున్నాడు.

ఫ్లాస్కు బరబరలాడింది.

"నీళ్ళు లోపలికెళ్ళాయి. చచ్చింది. సరిగ్గా తొమ్మిదికి మూత ఊడింది సార్." మళ్ళీ బరబర. "ప్లాట్‌ఫారం మీదినుంచి వంటవాడు అడుగుతున్నాడు. డైవర్లకు గుడ్లు వేపమంటారా, ఉడకబెట్టమంటారా?"

ఇన్నెస్ ఫ్లాస్కు మంచం మీద పెట్టి ఇల్జె కట్లు విప్పాడు. ఫ్లాస్కు ఇల్జె తీసుకుని, మీట నొక్కి, గంభీరంగా అంది. "ఉడకబెట్టుడు."

సంకెళ్ళతో గోడకు ఆనుకుని కూర్చున్న ఆడమనిషి కళ్ళు మూసుకుంది. తను ఓడిపోయినందుకో, వాళ్ళు బతికిపోయినందుకో తెలియదు.

మంచులో దారి తెలియక పోలీసు వ్యాను ఇంకా రాలేదు. మిస్ రెన్నీ కిందికి దిగి బల్ల మీద నాలుగు చోట్ల పళ్ళాలు పెట్టింది.

"ఆవిడక్కూడానా?" అన్నాడు ఇన్నెస్.

"జైలుకు పోతే పోనీ. నా ఇంట్లో పడుకున్న మనిషి పస్తుతో గడప దాటడానికి వీల్లేదు. కూచోండి."

కూర్చున్నారు. బందీకి ఒక చెయ్యి కుర్చీకి, ఒక చెయ్యి చెంచాకు. టోస్టు కొరికిన చప్పుడు, గడియారం చప్పుడు, అంతే. బయట మంచు కొంచెం పలచబడి ఒక సముద్రపు కాకి కనబడింది.

ఇల్జె గుడ్డు తినేసి ఖాళీ పెంకు అలాగే వదిలి టీ అందుకుంది. ఇన్నెస్ చూశాడు. బందీ కూడా చూసింది. కాసేపు తల తిప్పుకుంది. ఉండబట్టలేక ఉన్న ఒక్క చేత్తో ఆ పెంకును లాక్కుని, బోర్లించి, చెంచాతో అడుగున ఒక్క పోటు పొడిచింది.

నూట ఎనభై మందిని ముంచబోయిన మనిషే, కానీ మంత్రగత్తెకు పడవ ఇవ్వడం మాత్రం ఆవిడవల్ల కాలేదు.