నాలుగు వందల పన్నెండో పేజీ

ఉదయం ఆరున్నరకు దొరస్వామి వరండాలో కుర్చీ వేసుకుని నవల తెరిచాడు. తొమ్మిది వందల నలభై పేజీల పుస్తకం ఒళ్లో బరువుగా కూర్చుంటే ఆయనకు ఆ రోజు మీద ఒక ధైర్యం కలిగేది.

ఆ రచయిత నవలలంటే కాలేజీ రోజుల నుంచీ ఆయనకు ప్రాణం. తొందరపడి కథ చెప్పే మనిషి కాదు. ఈ నవలలో ఒక కుటుంబం బావి తవ్వడానికే అరవై పేజీలు పట్టింది. మట్టి రంగు మారినప్పుడల్లా ఆ ఇంట్లో ఎవరిదో ఒకరి మనసు మారుతుంది. పేజీ పైన మొదలైన వాక్యం కిందికి దిగేసరికి రెండు పెళ్లిళ్లు, ఒక పంపకం అయిపోతాయి. ఎవరు ఎవరికి మేనమామో మరిచిపోకుండా దొరస్వామి క్యాలెండరు కాగితం వెనక వంశవృక్షం గీసుకున్నాడు. వెనక్కి తిప్పి మళ్లీ చదవాల్సి వస్తే విసుగు లేదు. ఇంకాసేపు అక్కడే ఉండొచ్చని సంతోషం.

భార్య చంద్రకాంతమ్మ పోయి ఆరేళ్లు. ఆ రచయిత గురించి మాట్లాడుకునే మనిషి ఇక దొరకదనుకున్నాడు. రెండేళ్ల కిందట కోడలుగా వచ్చిన భానుశ్రీ, బీయీడీ చదివిన పిల్ల, ఒక మధ్యాహ్నం ఆ రచయిత పుస్తకం ఒకటి తీసి చదవడం మొదలుపెట్టింది. అప్పటినుంచి ఏ నవలైనా పొద్దున ఆయనది, మధ్యాహ్నం ఆమెది. ఆయన గుర్తు క్యాలెండరు కాగితం, ఆమె గుర్తు బస్సు టికెట్టు. భానుశ్రీ మామగారి ఎదుట కూర్చోదు. మాటలన్నీ వంటింటి గుమ్మంలో నిలబడే. అదీ నవల గురించే. ముందు జరిగేది చెప్పకూడదని ఒప్పందం. ఆమె టికెట్టు ఎప్పుడూ ముందే ఉండేది. "పెండ్లిమాటలు ఇరవై పేజీలుండాయి మామా, కాఫీ పెట్టుకోని కూర్చోండి" అని మాత్రం హెచ్చరించేది.

ఆ టికెట్టు నాలుగు రోజులుగా నాలుగు వందల పన్నెండో పేజీలోనే ఉంది. తర్వాతి పేజీలోనే బావిలో నీళ్లు పడతాయి. అక్కడ ఆపగలిగే పాఠకుడు ఉంటాడని దొరస్వామికి నమ్మకం లేదు. ఆయన పుస్తకం మూసి వంటింటి వైపు నడిచాడు.

"నీళ్లు పడేకాడికొచ్చి ఆపేసినావేమ్మా?"

పనెక్కువైందంది భానుశ్రీ. దోసె తిప్పింది. ఆయన అక్కడే నిలబడ్డాడు. ఆమె పొయ్యి ఆర్పి, ఇటు తిరగకుండానే అడిగింది.

"మీరు నన్ను సదువుకోనిచ్చేది పుస్తకం వరకేనా మామా?"

మాట అర్థం కాలేదాయనకు. ఆమె చెప్పుకొచ్చింది. వడమాలపేట బడిలో టీచరుగా ఆర్డరు వచ్చింది. ఆ సాయంత్రం లోపల చేరాలి, లేకపోతే ఉద్యోగం పోతుంది. నాలుగు రోజుల కిందట మామగారిని అడగమని భర్త ప్రతాప్‌కు చెప్పింది. మామగారు వద్దన్నారని, మధ్యాహ్నం తనకు అన్నం ఎవరు పెడతారని అడిగారని అతను వచ్చి చెప్పాడు.

"మీరు ఆ మాటన్నారని తెలిసినాక ఆ పుస్తకం ముట్టుకోబుద్ధి కాలేదు."

ఆర్డరు సంగతి దొరస్వామి వినడం అదే మొదటిసారి. గొంతు పెంచడం ఆయనకు అలవాటు లేదు. టిఫినుకు కూర్చున్న కొడుకు ఎదురుగా పీట వాల్చుకుని కూర్చున్నాడు.

"ఆ మాట నేనెప్పుడంటిని ప్రతాప్?"

ప్రతాప్ దోసె తుంచుతూ, నాయనకు మధ్యాహ్నం ఇబ్బందవుతుందని తానే అనుకున్నట్టు ఏదో గొణిగాడు.

"మీయమ్మ పోయినాక నాలుగేండ్లు నేనే వండి నీకు పెట్టినాను. ఇప్పుడు ఒంటిపూట అన్నం పెట్టుకోలేనా? నీకు ఇష్టం లేకుంటే నీ పేరు చెప్పాల. నా పేరు చెప్పి ఆ పిల్ల ఉద్యోగం తీసేస్తావా?"

గుమ్మంలో భానుశ్రీ భర్తనే చూస్తోంది. ప్రతాప్ తలెత్తలేదు. సగం దోసె వదిలేసి బ్యాంకుకు వెళ్లిపోయాడు.

"కాగితాలు తీసుకోమ్మా. తొమ్మిదిన్నర బస్సుకు పోదాం" అన్నాడు దొరస్వామి.

బస్సులో ఆమె పక్క సీటులోనే కూర్చుంది. బడిలో హెడ్మాస్టరు, ఇంత ఆలస్యంగా వస్తే ఎట్లాగని కసురుకున్నాడు. ఇంట్లో పెద్దవాడిగా ఆలస్యం తనవల్లేనని దొరస్వామి ఒప్పుకున్నాడు. భానుశ్రీ రిజిస్టరులో సంతకం చేసి, తన పేరును కాసేపు చూసుకుని, మూడో తరగతి వైపు నడిచింది. ఆయన వెంటనే దొరికిన బస్సెక్కి ఇంటికొచ్చి కుక్కరు పెట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నం తిన్న పప్పన్నం ఆయనకు చాలా రుచిగా ఉంది.

ప్రతాప్ సాయంత్రం ఐదింటికే వచ్చాడు. చొక్కా కూడా మార్చుకోకుండా వంటింట్లో చతికిలబడ్డాడు. చేరిందా అని అడిగాడు. చేరిందన్నాడు దొరస్వామి, చింతపండు పిసుకుతూ.

"అన్నం కాడ మీరిద్దరూ ఆ నవల్లో వాళ్ల గురించే మాట్లాడుకుంటారు నాయనా. మజ్జిగ అడిగితే గానీ ఈడ ఇంకో మనిషి ఉండాడని మీకు గుర్తురాదు. ఉద్యోగం కూడా వస్తే నాకు ఏమీ మిగలదనుకున్నా. నీ పేరు చెప్తే మీ ఇద్దరికీ చెడతాదని తెలిసే చెప్పినా."

దొరస్వామి చేతులు ఆగిపోయాయి. ఆ నవల్లో నలభై మంది ఉన్నారు. అందులో ఎవరు ఎప్పుడు మాట తగ్గించారో ఆయన చెప్పగలడు. తన పక్కనే కూర్చుని అన్నం తినే కొడుకు ఎప్పటినుంచి మాట తగ్గించాడో మాత్రం ఆయనకు తెలియలేదు. చేయి కడుక్కుని వచ్చి కొడుకు భుజం మీద వేశాడు.

"నువ్వు చేసింది తప్పే. నిన్ను చూడకపోయింది నేను. ఐదున్నరకు ఆ పిల్ల బస్సొస్తాది, ఎదురు పో. బడి ఎట్లుండాదో నాకింకా తెలీదు. ముందు నీకే చెప్పనీ."

"ఏమని మొదలుపెట్టేది నాయనా?"

"తప్పు చేసినానని. ఆపైన ఇంకేం మాట్లాడొద్దు, విను."

గంట గడిచింది. చారు దించి వరండాలోకి వచ్చేసరికి ఇద్దరూ వీధి మలుపులో కనిపించారు. భానుశ్రీ కళ్లు ఎర్రగా ఉన్నాయి. కానీ చేత్తో ఎవరో పిల్లవాడి ఎత్తు చూపిస్తూ ఏదో చెబుతోంది. గేటు తీసి, మామా అని ఉత్సాహంగా మొదలుపెట్టబోయింది.

"నాకు రేపు చెప్పమ్మా. ముందు వాడికి పూర్తిగా చెప్పెయ్" అని దొరస్వామి లోపలికి వెళ్లిపోయాడు.

వాళ్లు వరండా మెట్ల మీదే కూర్చున్నారు. కంచాలు కడుగుతున్న ఆయనకు ఆమె గొంతు వినిపిస్తూనే ఉంది. అది ఒక్క క్షణం ఆగింది.

"తర్వాత?" అని అడిగాడు ప్రతాప్.

దొరస్వామి కొళాయి కట్టేశాడు. తడి చేత్తోనే కళ్లు తుడుచుకుని, మిగిలింది వినడానికి అక్కడే నిలబడ్డాడు.