ఎర్ర పెన్నుతో దిద్దిన పాట

“ఇందాకట్నుంచీ గొప్ప టెక్నిక్, గొప్ప టెక్నిక్ అంటన్నారు గదా డాక్టర్ గారూ, దాన్ని మా ఇంట్లో పిరికితనం అంటారు లా!”

బ్రిక్‌ఫీల్డ్స్‌లో పూలకొట్టు మీది మేడగది అది. తాతల కాలంలో రబ్బరు తోటలకి వలసొచ్చిన ఇక్కడి తెలుగువాళ్ళు మాట చివర ‘లా’ తగిలించందే ఊరుకోరు. అందులో కూర్చున్న పద్నాలుగు మందీ ఒక్కసారి వెనక్కి తిరిగారు. అంతవరకూ సగం మంది కునికిపాట్లు పడుతున్నారు. ఆదివారం మధ్యాహ్నం, పొట్టనిండా అరిటాకు భోజనం, ఆపైన రష్యన్ రాక్ పాటల్లో కవిత్వం మీద ఉపన్యాసం. పాపం, వాళ్ళని అని ఏం లాభం?

మైకు పట్టుకున్న యోగేశ్వరన్‌కి మాత్రం గుండె గుభేలుమంది. చివరి వరసలో, ఫ్యాను కింద, చేతులు కట్టుకుని నిలబడి ఉంది మోహనప్రియ. చూసి నాలుగేళ్ళయింది. నాలుగేళ్ళలో ఆ ముక్కు మీది కోపం వీసమెత్తు తగ్గలేదు.

ఆమె వచ్చిందని అతనికి ముందే తెలుసు. ఉపన్యాసం మొదలవకముందే తెలుగు సంఘం కార్యదర్శి తిమ్మయ్య గారు భుజం మీద చెయ్యేసి మరీ చెప్పారు.

“మా మేనకోడలు ప్రియ కూడా వచ్చిందయ్యా. నీలాగే రష్యాలో సదివిన డాక్టరే. సబా పోతానని కూర్చుంది. ఆ పోస్టింగ్ ఫారం ఇవాళ ఐదింటికి మూసేస్తారంట. సముద్రం అవతల! ఒకసారి ఎల్లిందంటే మళ్ళీ ఎన్నేళ్ళకో. నువ్వైనా నాలుగు మాటలు సెప్పి ఆపకూడదా?”

“నానేటి సెప్తాను మామా,” అని నవ్వేశాడు యోగన్.

నవ్వైతే నవ్వాడు గానీ, ఆ తర్వాత గోడ గడియారం మీంచి చూపు తిప్పుకోలేకపోయాడు. సుంగై పెటాని నుంచి నాలుగు గంటలు కారు నడుపుకుంటూ అతను వచ్చింది ఈ పద్నాలుగు మందికి కవిత్వం నేర్పడానికా? ప్రియ పుట్టి పెరిగింది ఇక్కడే. పోస్టర్ మీద తన పేరు చూసి వస్తుందేమోనని ఆశ. వచ్చింది. ఇప్పుడు నాలుగు. ఈ గంటలో నోరు తెరిచి చెప్పకపోతే ఆ పిల్ల ఇంక దక్కదు. నోరు తెరిచి చెప్పడం ఒక్కటే కదా మనవాడికి రాని విద్య!

“పిరికితనం కాదండీ,” అన్నాడు గొంతు సవరించుకుని. “ఆ పాటగాళ్ళ పద్ధతే అది. మనసులో మాటని మనసు పేరుతో సెప్పరు. కెటిల్, అగ్గిపెట్టె, ట్రామ్ టికెట్టు... ఇంట్లో, జేబులో ఏది ఉంటే దాని మీద పెట్టి సెప్తారు. గిటారు మీద మోగేవి మూడు కార్డులే, బరువంతా మాట మీదే. ఒకటే లైను మూడుసార్లు పాడతారు. మొదటిసారి అది ఉట్టి వాన. మూడోసారికి అదే వాన మన గొంతుకి అడ్డం పడతాది. ‘నువ్వు’ అంటారు గానీ ఆ నువ్వెవరో పేరు సెప్పరు. వినేవాళ్ళే అర్థం సేసుకోవాల.”

“వినేవాళ్ళకి అర్థం కాకపోతే?”

“అంటే... సరిగ్గా వినలేదని.”

“అలామాక్!” ప్రియ నడుం మీద చెయ్యి పెట్టింది. “సెప్పనోడిది తప్పు కాదు, విన్నదానిదే తప్పు! బాగుంది లా.”

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అందరి నిద్రా ఎగిరిపోయింది.

“ఉత్తి మాటలెందుకు, ఒక పాట సదవండి,” అంది ప్రియ. “ఆ రైలు పాట సదవండి.”

ఆ పాటే ఎందుకు అడిగిందా అని ఒక్క క్షణం తటపటాయించి, యోగన్ చూడకుండానే చదివాడు.

“కెటిల్లో నీళ్ళు సల్లారినాయి,
అద్దం మీద మన ఊపిరి ఆరినాది,
కోటుకి ఆఖరి బొత్తం నువ్వే పెట్టినావు,
రైలు...”

అక్కడ ఆగిపోయాడు.

“ఎల్లిపోనాది,” అని వెనకనుంచి ప్రియ అందించింది. “మొదట్లో ఈయన ఇదే తప్పు రాసినారు. ‘రైలు ఆగినాది’ అని! రష్యన్‌లో అలాగ లేదు. నానే దిద్దినాను, ఎర్ర పెన్నుతో.”

“అది తప్పు కాదు,” అన్నాడు యోగన్. చేతిలో మైకుందన్న సంగతే మర్చిపోయాడు. “నాను కావాలనే అలాగ రాసినాను.”

ప్రియ మొహంలో రంగు మారిపోయింది. ఏం జరుగుతోందో ఒక్క ముక్క అర్థం కాని తిమ్మయ్య గారు లేచి చేతులూపారు.

“టీ బ్రేక్! టీ బ్రేక్ లా! కరిపాప్‌లు వేడిగా ఉన్నాయి, రండి రండి!”

*

బాల్కనీలో ఇద్దరే నిలబడ్డారు, చెరో టీ కప్పూ పట్టుకుని. బయట వాన మొదలైంది. పైన మోనోరైలు వెళ్ళిన చప్పుడైంది, కింద పూలకొట్టువాళ్ళు గబగబా పట్టా లాక్కుంటున్నారు.

ఆరేళ్ళు ఇలాగే పక్కపక్కన నిలబడ్డారు మరి, వోల్గా ఒడ్డున ఒక ఊళ్ళో, హాస్టల్ వంటగదిలో. బయట మైనస్ ఇరవై. హాస్టల్ బాయిలర్ చూసుకునే ఇగోర్ అనే ఆయన, ఇంకో ముగ్గురూ కలిసి ఒక బ్యాండు పెట్టుకున్నారు. స్టేజీ లేదు, టికెట్టు లేదు. శుక్రవారం సాయంత్రమయ్యేసరికి ఆ వంటగదిలోనే, ఉడుకుతున్న బంగాళాదుంపల పక్కన కూర్చుని తమ పాటలు తామే రాసి పాడేవాళ్ళు. అనాటమీ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని వీళ్ళిద్దరూ నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు.

ఆ పాటల్ని తెలుగు చెయ్యాలన్న పిచ్చి యోగన్‌ది. ప్రియ ఇంట్లో తమిళం, ఇంగ్లీషే ఎక్కువ. తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తిరిగేది కాదు. అయినా ఒప్పుకుంది. ఒక లైను అతను, ఒక లైను ఆమె. పుస్తకాల తెలుగు వద్దు, సుంగై సిపుట్‌లో ఉన్న యోగన్ అమ్మమ్మ కూర్మమ్మ తెలుగే కావాలి, అదే షరతు. మాట దొరక్కపోతే ఆవిడకే ఫోను.

“అమ్మమ్మా, మంచు కురిస్తే మనోళ్ళేటంటారు?”

“ఇక్కడెప్పుడు కురిసినాదిరా, ఏదో ఒకటి అనడానికి! ఫ్రిజ్‌లో పేరుకుంటాదే, అదే అనుకో.”

అంతే, ఆ నోటుబుక్కులో రష్యా అంతటా ఫ్రిజ్ ఐసే కురిసింది. ఒకసారి మొత్తం పాట వినిపించారు. కూర్మమ్మ అంది, “ఇది మా రబ్బరు తోట పాటలాగే ఉందిరా. మేఁవూ అంతే. ఏడుపొస్తే ఏడుపని అనం, రబ్బరు పాలు పట్టే కప్పు మీద పెట్టి పాడతాం.” ఆ రోజు వంటగదిలో ఇద్దరూ ఎగిరి గంతేశారు. ఎంత బాగుండేవి ఆ రోజులు! చలికి వేళ్ళు వంకర్లు పోయేవి, పరీక్షలు ప్రాణం తీసేవి, అయినా ఎంత బాగుండేవి!

చదువు అయిపోయి ప్రియ ముందు బయల్దేరింది. విమానాశ్రయంలో యోగన్ ఆ నోటుబుక్కు మొత్తం మంచి దస్తూరీతో తిరగరాసి ఆమె చేతిలో పెట్టాడు. ఆఖరి పేజీలో రైలు పాట. ఇగోర్ పాటలో వెళ్ళిపోయిన రైలుని ఇతను ఆపేశాడు. అదే అతని ప్రేమలేఖ! చూసుకోండి మరి తెలివి. ఆరేళ్ళపాటు ఒక్క అక్షరం తప్పు పోనివ్వని పిల్ల చేతికి కావాలని తప్పు రాసిచ్చి, ఇది ప్రేమ అనుకో అంటే ఎలాగ?

యోగన్ కూడా ఇల్లు చేరిన రెండు వారాలకి నోటుబుక్కు సుంగై సిపుట్‌కి పోస్టులో తిరిగొచ్చింది. ఆఖరి లైను కొట్టేసి, కింద ఎర్రగా, “తప్పు. రైలు ఎల్లిపోనాది. సరిగ్గా సూసుకో.”

యోగన్ సరిగ్గానే చూసుకున్నాడు. ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఒక పూటంతా అన్నం తినకుండా కూర్చున్నాడు. మళ్ళీ ఆమెకి ఫోను చెయ్యలేదు.

“కావాలనే రాసినావా?” ప్రియ ఇప్పుడు అడిగింది, వానకేసి చూస్తూ.

“ఊఁ.”

“ఎందుకు?”

“నువ్వు ఎల్లకూడదని.”

ప్రియ చటుక్కున తిరిగింది. “నాను నిజంగానే తప్పనుకున్నాను యోగన్! ఆ పాటలు పుస్తకం ఎయ్యాలని నాకెంత ఆశో తెలుసా? అందుకే కూర్చుని లైను లైనూ దిద్దినాను. నువ్వు మళ్ళీ రాసి పంపుతావని రోజూ పోస్టు పెట్టె సూసుకున్నాను. నాలుగు నెలలు సూసినాను!”

“‘రైలు ఎల్లిపోనాది’ అని ఎర్రగా రాసి పంపితే నానేటనుకోవాల? నా పని అయిపోనాదనుకున్నాను.”

“ఫోను సెయ్యొచ్చు గదా, మొద్దు!”

“నువ్వు సెయ్యొచ్చు గదా!”

“నాకు కోపం లా!”

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే ప్రియ కళ్ళు తుడుచుకుంది. నాలుగేళ్ళు, అయ్యో, నాలుగేళ్ళు వ్యర్థంగా పోయాయి.

“సరే, ఇప్పుడు సెప్పు,” అంది ప్రియ. “కెటిల్ వద్దు. రైలు వద్దు. అగ్గిపెట్టె వద్దు. నాకు అర్థమయ్యేలాగ సెప్పు.”

యోగన్ టీ కప్పు గట్టు మీద పెట్టాడు. మళ్ళీ తీశాడు. మళ్ళీ పెట్టాడు. వానకి చల్లగా ఉన్నా నుదురంతా చెమటే.

“నువ్వంటే నాకిష్టం ప్రియా. మొదటి సంవత్సరం నుంచీ ఇష్టం. నిన్ను పెళ్ళి సేసుకోవాలనుంది.”

అంతే. పట్టుమని పది క్షణాలు పట్టలేదు. ఇంత తేలికని తెలిస్తే ఎప్పుడో చెప్పేవాడు కదా అని అతనికే ఆశ్చర్యం వేసింది.

ప్రియ మాత్రం నవ్వలేదు. తల దించుకుంది.

“సబా ఫారం పొద్దున్నే పంపేసినాను. ఐదింటిదాకా మార్సుకోవచ్చు. కానీ మార్సమని అడక్కు యోగన్. మొదట్లో నీ మీద కోపంతోనే అనుకున్నాను, నిజం. తర్వాత అక్కడికెల్లి ఒక నెల పని సేసినాను. డాక్టర్ కోసం పడవలో అరపూట ప్రయాణం సేసి వస్తారు అక్కడోళ్ళు. నాకు ఎల్లాలనే ఉంది.”

నాలుగూ ముప్పై ఐదు. యోగన్ కూడా ప్రభుత్వ డాక్టరే, అతనూ అదే ఆన్‌లైన్ ఫారం నింపాడు. సుంగై పెటానిలోనే ఉంటానని పెట్టాడు. అక్కడైతే సుంగై సిపుట్ రెండు గంటల దారి. తల్లి పోయాక పెంచి ఇంతవాణ్ణి చేసిన కూర్మమ్మని వారం వారం చూసి రావచ్చు.

“అడగను,” అన్నాడు. ఫోను తీశాడు. “నాను మార్సుకుంటాను.”

“పిచ్చా నీకు? మరి అమ్మమ్మో?”

“అమ్మమ్మనే అడుగుతాను.”

కూర్మమ్మ రెండో రింగుకే ఎత్తింది. యోగన్ ఈసారి డొంకతిరుగుడు లేకుండా నాలుగు ముక్కల్లో అంతా చెప్పేశాడు. అమ్మమ్మ వద్దంటే ఏం చెయ్యాలో అతను ఆలోచించుకోలేదు.

“సబా అంటే ఇమానం ఎక్కాల గదరా?”

“ఎక్కాల అమ్మమ్మా.”

“దీపాళికి వస్తావా?”

“వస్తాను. నెలకోసారి వస్తాను.”

“నెలకోసారి అనకు, మాట తప్పుతావు. దీపాళికి రా, సాలు.” ముసలావిడ ఒకసారి ముక్కు చీదింది. “నాకేటిరా, మీ పిన్ని పక్కింట్లోనే ఉంది. మరి ఆ పిల్ల వైపోళ్ళు ఒప్పుకున్నారేటి?”

“నాను ఒప్పుకుంటన్నాను!” గుమ్మంలోంచి తిమ్మయ్య గారి కేక. చేతిలో సగం కొరికిన కరిపాప్. ఎంతసేపట్నుంచి వింటున్నారో ఏమో. “మా సెల్లెల్ని నాను ఒప్పిస్తాను. కానీ యోగన్, నీకు బుద్ధుందేటయ్యా? పిల్లని ఆపమంటే నువ్వే సామాను సర్దుకుంటన్నావే!”

“ఎవుల్రా ఆయన? సరే, ఆ పిల్లకివ్వు ఫోను,” అంది కూర్మమ్మ.

ప్రియ ఫోను అందుకుంది. అందుకుని బిక్కమొహం వేసింది. ఇందాక పద్నాలుగు మంది ముందు నడుం మీద చెయ్యేసి దులిపిన మనిషేనా ఈవిడ!

“ఏటే అమ్మా,” కూర్మమ్మ గొంతు బాల్కనీ అంతా వినపడుతోంది. “మావోడంటే నీకిష్టవేనా?”

“అమ్మమ్మా... ఇక్కడ... వాన పడతన్నాది.”

“ఆఁ?”

“టీ కూడా సల్లారిపోనాది...”

యోగన్ నోరు మూసుకుని నవ్వాపుకోవడానికి నానా తిప్పలూ పడ్డాడు. ప్రియ మోచేత్తో ఒక్కటిచ్చింది.

“ఓలమ్మా! వాన సంగతెవులడిగినారే? మావోడు ఇష్టవా, కాదా?”

ప్రియ కళ్ళు గట్టిగా మూసుకుంది.

“ఇష్టవే అమ్మమ్మా. శానా ఇష్టం.”

“అదీ! ఈ ఒక్క మాట నేర్సుకోడానికి ఇద్దరూ రష్యా దాకా ఎల్లాలేటే?”

యోగన్ ఫోను వెనక్కి తీసుకుని, అందులో ఫారం తెరిచి సబా నొక్కాడు. ఐదింటికి ఇంకా పది నిమిషాలుంది.