కుదపొద్దు అని రాసిన డబ్బా

ఆ ఉదయం ఆమె చేయాల్సిన పనులు ఇవి. నాటుకోళ్లు పెట్టిన గుడ్లలో పన్నెండు ఏరాలి. కడగకూడదు, పొడి బట్టతో తుడవాలి. సన్నని కొన కిందికి వచ్చేలా ఒక్కొక్కదాన్నీ స్పాంజిలో నిలబెట్టాలి. డబ్బాకి నాలుగు వైపులా 'కుదపొద్దు' అని రాయాలి. పదకొండులోపు కొరియర్ ఆఫీసు చేరాలి. అన్నిటికంటే ముఖ్యంగా, నాన్న కంటపడకుండా గడప దాటాలి.

చివరిది తప్ప అన్నీ అయ్యాయి.

నాన్న టైలర్. కుట్టుమిషన్ మీంచి తలెత్తకుండానే అడిగాడు. "మనింట్లో మొదటి డిగ్రీ నీది. ఆఫీసు ఉద్యోగం కాగితం చేతికొచ్చాక గుడ్లు మోసుకు తిరుగుతావా?"

"మోయడం కాదు నాన్నా, పంపడం. ఇంట్లో పొదిగే మెషీన్‌లో కోడిపిల్లల్ని చేయించుకునేవాళ్లకి."

"సరే. ఇరవై ఒక్క రోజులిస్తా. పన్నెండులో ఆరైనా పిల్లలు కాకపోతే కోళ్లు అమ్మేసి ఉద్యోగంలో చేరాలి."

"ఆరు పిల్లలైతే?"

"మళ్లీ నోరెత్తను."

బట్ట మీద గీతలు గీసే సుద్దతోనే క్యాలెండర్ మీద గుర్తు పెట్టాడు.

కొరియర్ కౌంటర్‌లో కుర్రాడు డబ్బా అందుకుని, చెవి దగ్గర పెట్టుకుని, గట్టిగా ఊపాడు.

"ఏముందండీ ఇందులో? చప్పుడే లేదు!"

"ఇప్పటిదాకా ప్రాణం ఉంది. మీరు ఊపాక ఉందో లేదో!"

అతని చేతులు గాల్లోనే బిగుసుకుపోయాయి.

"నాలుగు వైపులా రాశాను. చదవడం రాదా?"

"వచ్చండీ. కానీ అందరూ అదే రాస్తారు. మొన్న ఒకాయన చెప్పుల పెట్టె మీదా రాశాడు."

ఆమెకు నవ్వొచ్చింది, కానీ బయటపడనివ్వలేదు. "పొదిగించే గుడ్లు ఇవి. పగలకపోయినా, లోపలి గాలి అర కదిలిపోతే పిల్ల రాదు."

అతని మొహం వాడిపోయింది. "సారీ అండీ. బస్టాండు దాకా వ్యాన్‌లో నా ఒళ్లోనే పెట్టుకెళ్తాను."

"మీరు పొదగక్కర్లేదు. చేరిస్తే చాలు."

రోజూ ఫోన్ చేశాడు. 'గుడ్ల మేడమ్, డబ్బా బయల్దేరింది.' 'గుడ్ల మేడమ్, సగం దూరం దాటింది.' మూడో రోజు సాయంత్రం, గుడ్లు తెప్పించుకున్న రిటైర్డ్ టీచరమ్మ సంతకం పెట్టి తీసుకుంది. డబ్బాలోని చీటీలో రాసినట్టే గుడ్లను ఒక రాత్రంతా కదపకుండా ఉంచి, మర్నాడు మెషీన్‌లో పెట్టింది.

ఆ తర్వాత కూడా ఫోన్లు ఆగలేదు.

"ట్రాకింగ్ అయిపోయింది కదా?"

"డబ్బాది అయిపోయిందండీ."

ఇరవై ఒకటో రోజు వాన. నాన్న స్వయంగా టీచరమ్మకి ఫోన్ చేశాడు. "ఒక్కటీ రాలేదా? ఇంక ఆపేయండమ్మా మెషీన్."

"మూడుసార్లు తప్పిన పిల్లాడిచేతే బడి మాన్పించలేదు నేను. ఆపమనడానికి మీరెవరండీ?" అని ఆవిడ పెట్టేసింది.

"నాన్నా, మెషీన్‌లో పెట్టిన రోజు నుంచి లెక్క!"

"ఓడాక సాకులా?"

"సాకు కాదు. నీ లెక్కకి తల వంచను. గుడ్డు లెక్కకే వంచుతాను."

అంతలో గుమ్మంలో ఓ మనిషి. నెత్తి నుంచి నీళ్లు కారుతున్నాయి, చేతిలోని ప్లాస్టిక్ కవర్ మాత్రం పొడిగా ఉంది. పొద్దున ఫోన్‌లో ఆమె దిగులుగా నాన్న గడువు సంగతి చెప్పగానే, డెలివరీ రశీదు వెతికి తెచ్చాడు.

"నువ్వెవరు బాబూ?"

"ఆ డబ్బా ఊపినవాణ్ణండీ. తేదీ చూడండి. చేరేసరికి మూడు రోజులు, కదపకుండా ఉంచింది ఒక రోజు. కస్టమరు మీ దగ్గరికి రాకముందే మీరు టేపు పట్టి కొలవరు కదండీ?"

నాన్న మెడలోని టేపును తడుముకున్నాడు. సుద్ద తీసి ఇంకో నాలుగు గీతలు గీశాడు. "నాలుగే. ఐదోది లేదు."

నాలుగో రోజు టీచరమ్మ ఫోన్. స్పీకర్‌లో ముందు కిచకిచలు, తర్వాత ఆవిడ గొంతు. "ఏడు వచ్చేశాయి! ఎనిమిదోది పెంకు పొడుస్తోంది!"

కుట్టుమిషన్ ఆగింది. నాన్న అన్నమాట ప్రకారం నోరెత్తలేదు. మర్నాడు డబ్బాకి దూది కుక్కిన సంచి కుడుతూ మాత్రం అన్నాడు.

"ఆ ఊపేవాడు... చొక్కా భుజాలు జారుతున్నాయి. కొలతలకి రమ్మను."

ఆమె కౌంటర్ దగ్గరికి వెళ్లి అదే చెప్పింది.

"చొక్కాకేనాండీ?" అన్నాడు, కొత్త డబ్బాను రెండు చేతులతో అందుకుంటూ.

"చొక్కాకి నాన్న. మిగతా కొలతలు నేనెప్పుడో తీసుకున్నాను. నాకు సరిపోయారు."

అతను ఆనందంతో ఊగిపోయాడు. డబ్బా మాత్రం కదల్లేదు.

మీ ఇంటికెప్పుడైనా 'కుదపొద్దు' అని రాసిన డబ్బా వస్తే, ఆ టీచరమ్మను ఒక్కసారి తలుచుకోండి. ఆపేయమన్నా స్విచ్ మీద చెయ్యి వేయని మనిషి ఆవిడ.